నీళ్ళ నడుము

పొదిలి బస్టాండు గోడకు కట్టిన ఫ్లెక్సీలో మా బాబాయ్ నవ్వుతున్నాడు. చొక్కా లేకుండా, పక్కకు తిరిగి నిలబడ్డ ఫొటో. నడుం దగ్గర మొదలైన వంపు మెడ దాకా సాగి, తల ముందుకు చాచినట్టుంది. పైన ఎర్రటి అక్షరాల్లో 'ఫ్లోరైడ్ కాటుకు బలి' అని, కింద నీలం అక్షరాల్లో 'కుళాయి నీరే తాగండి' అని రాశారు. ఒంగోలు బస్సు కోసం నిలబడ్డవాణ్ణి, బస్సు వచ్చి వెళ్ళిపోయినా ఆ బొమ్మ ముందే ఉండిపోయాను.

ఫొటో నిజం. వంపు నిజం. కుళాయి నీళ్ళు తాగమనడం మంచి మాట. పైనున్న ఎర్రక్షరాల మాట ఒక్కటే అబద్ధం. ఆ అబద్ధాన్ని అందరికంటే ఎక్కువ కాలం మోసినవాడు ఆ ఫొటోలోని మనిషే.

ఆయన మా అమ్మ చిన్నాన్న కూతుర్ని చేసుకుని, వేటపాలెం నుంచి మా ఊరికి ఇల్లరికం వచ్చాడు. మాది పొదిలి దగ్గర మెట్ట ఊరు. మిరప, కంది, అక్కడక్కడ పత్తి. బోరు వేస్తే ఫ్లోరైడ్ నీళ్ళు. నేను ఒంగోల్లో నీటి పరీక్షలు చేసే ల్యాబ్‌లో పనిచేస్తాను. మా ఊరి బోర్ల నమూనాలు నా చేతుల మీదుగానే పోయాయి కాబట్టి మా నీళ్ళు అమాయకమైనవని నేను చెప్పను. మా తాతల తరంలో కర్ర లేకుండా నిలబడగలిగినవాళ్ళు తక్కువ. ఆ వంగిన వెన్నుకు మా ఊళ్ళో ఒక పేరుంది. నీళ్ళ నడుము. అది జబ్బు పేరులా కాక ఇంటిపేరులా పలుకుతారు.

నీళ్ళ నడుము వాళ్ళు ఎక్కడైనా పడిపోతే లేపడానికి కూడా ఒక పద్ధతుంది. వంగిన మనిషి పడితే ముఖం మట్టిలో ఉంటుంది. ఒకరు వెనకనుంచి చంకల్లో చేతులు పెట్టి ఎత్తుతారు. ఇంకొకరు గడ్డం కింద అరచెయ్యి పెట్టి తల పైకెత్తుతారు, ఊపిరాడాలని. తర్వాత నీళ్ళు తాగిస్తారు. చిన్నపిల్లలక్కూడా తెలిసిన పని ఇది.

బాబాయ్ నడుము పెళ్ళయిన రెండో మూడో ఏట వంగడం మొదలైందని అందరూ అంటారు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. కాకపోతే ముప్ఫై ఏళ్ళు కూడా లేనివాడు కదా అని జాలిపడ్డారు. పొదిల్లో డాక్టరు దగ్గరికి వెళితే ముందు ఊరి పేరు అడిగేవారట. ఊరి పేరు చెప్పగానే కలం తీసేవారట. కాల్షియం బిళ్ళలు, నొప్పి బిళ్ళలు, మంచినీళ్ళు తాగమన్న సలహా. మళ్ళీ వెళితే మళ్ళీ అవే. తర్వాత ఒక ఎక్స్‌రే తీశారు. గట్టిపడ్డ వెన్ను కనపడింది. ఫ్లోరైడ్ వెన్ను కూడా గట్టిపడుతుంది. ఇంకేం చూడాలి?

వాళ్ళకు పిల్లలు కలగలేదు. అదీ నీళ్ళ మీదే వేశారు.

ఊరి మధ్యలో మంచినీళ్ళ ప్లాంటు పెట్టినప్పుడు దాన్ని నడిపే పని ఆయనకిచ్చారు. "టిన్ను పట్టాలంటే అందరూ వంగాల. నాకా బాధ లేదు, వంగే ఉన్నా," అనేవాడు. ఎదుటివాళ్ళ ముఖం చూడాలంటే తల లేవదు. అందుకని ఒక పాత మోటార్‌సైకిల్ అద్దం తెచ్చి, పైపుకు తీగతో బిగించి, కొంచెం పైకి వాల్చి పెట్టుకున్నాడు. వచ్చినవాళ్ళ ముఖం అందులో చూస్తూ మాట్లాడేవాడు. కొత్తవాళ్ళకు ఆయన అద్దంతో కబుర్లాడుతున్నట్టుండేది. అలవాటైన ఆడవాళ్ళు టిన్ను దించి, నేరుగా అద్దం ముందు నిలబడి జుట్టు సర్దుకునేవాళ్ళు.

ఆయనవి తెల్లటి పళ్ళు. మా ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళ పళ్ళ మీద గోధుమరంగు గీతలుంటాయి, నావాటి మీదా ఉన్నాయి. అందుకే జీడిపప్పుకు పేరుపడ్డ వేటపాలెం నుంచి వచ్చిన ఆ పళ్ళు ఊరికి వింత. "ఏందయ్యో జీడిపప్పు పళ్ళోడా, నా టిన్ను ఎప్పుడు పడతావు?" అని ముసలమ్మలు అరిచేవాళ్ళు. ఆయన అద్దంలోకి నవ్వి, ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పేవాడు.

"పళ్ళు మా ఊరియ్యి. నడుం మీ ఊరిది."

ఊరంతా నవ్వేది. పిన్ని నవ్వేది కాదు.

మండలం నుంచో జిల్లా నుంచో ఎవరొచ్చినా, మైకు పట్టుకుని టీవీవాళ్ళొచ్చినా, ముందు ఆయన దగ్గరికే తీసుకొచ్చేవాళ్ళు. పైపులైను కావాలని మా ఊరు పెట్టిన ప్రతి అర్జీకీ ఆయన నడుమే సాక్ష్యం. ముసలివాళ్ళను చూపిస్తే వయసు మీద పడిందంటారు. ఈయన యాభైకి ఇంకా దూరంలో ఉన్నవాడు. చెప్పకముందే చొక్కా విప్పేవాడు. ఎదురుగా కెమెరా పెడితే ఒప్పుకునేవాడు కాదు. "పక్కనుంచి తియ్యండి సార్, అట్టయితేనే వంపు కనపడిద్ది." ఫొటో అయ్యాక చొక్కా గుండీలు పెట్టుకుంటూ, ఈసారైనా పైపు వస్తదా సార్ అని వాళ్ళ చెప్పులను అడిగేవాడు.

నాకు ఆయన విషయంలో చాలాకాలంగా సరిపడనివి కొన్ని ఉన్నాయి. నీళ్ళ నడుము వాళ్ళు పనిచేస్తే నొప్పి ఎక్కువై చతికిలబడతారు. ఈయన పడుకుంటే నొప్పి అంటాడు. తెల్లారకముందే లేచి, మిరప చేల గట్ల మీద ఒళ్ళు వేడెక్కేదాకా తిరుగుతాడు. "నడిస్తే తగ్గిద్దిరా నాకు. పడుకుంటే పట్టేసిద్ది," అనేవాడు. ఇంకోటి కన్ను. ఏడాదికొకసారైనా ఒక కన్ను ఎర్రగా అయిపోయి, వెలుతురు చూడలేక తువ్వాలు కప్పుకుని కూర్చునేవాడు. కోతల కాలంలో కల్లాల్లో ఎండుకాయ ఆరబోస్తే ఊరంతా తుమ్ములూ కన్నీళ్ళే. కాబట్టి కన్ను మిరపకాయ ఖాతాలో పోయింది, నడుము నీళ్ళ ఖాతాలో పోయింది. మా ప్రాంతంలో ఒంటికి ఏం వచ్చినా కారణం గుమ్మంలోనే సిద్ధంగా ఉంటుంది.

ఒక ఏడు, మిరప నారు ఇంకా పోయని రోజుల్లో, కల్లాల్లో గింజ కూడా లేనప్పుడు, ఆయన కన్ను ఎర్రబడింది. ఈసారి చూపు మసకేసింది. నేను ఒంగోలు తీసుకెళ్ళి కంటి డాక్టరుకు చూపించాను. ఆయన కంట్లోకి లైటు వేసి చూస్తూ, మీకు నడుం నొప్పి ఉందా అని అడిగాడు. బాబాయ్ నవ్వాడు. నా నడుం చూసి కూడా అడుగుతున్నారా అన్నాడు. కంటి లోపలి వాపుకూ వెన్నుకూ సంబంధం ఉండొచ్చని, గుంటూరులో కీళ్ళవాతం డాక్టరుకు చూపించమని ఆ డాక్టరు చీటీ రాసిచ్చాడు. మాది ఏ ఊరో అడగని మొదటి డాక్టరు ఆయనే.

గుంటూరుకు బాబాయ్ రానన్నాడు. తెలిసిన జబ్బుకు మళ్ళీ డాక్టరెందుకు అన్నాడు. పిన్ని పట్టుబట్టింది. మా నీళ్ళ వల్ల నడుం ఎట్టాగూ పోయింది, కన్నన్నా దక్కించుకో అంది.  ముగ్గురం వెళ్ళాం.

ఆ డాక్టరు నెమ్మదిగా మాట్లాడే పెద్దావిడ. ఆయన్ని గోడకు ఆనుకుని నిలబడమంది. మడమలు గోడకు తాకాయి, తల గోడకు జానెడు దూరంలో ఆగిపోయింది. వెన్నుకూ తుంటికీ ఎక్స్‌రేలు రాసి, ముంజేతికి కూడా ఒకటి రాసింది. నడుం నొప్పికి చెయ్యెందుకమ్మా అని బాబాయ్ అడిగాడు. ఫ్లోరైడ్ బాగా ముదిరితే ముంజేతిలోని రెండు ఎముకల మధ్య పొర కూడా గట్టిపడి తెల్లగా కనపడుతుందని చెప్పింది. ఆయన చేతిలో ఆ జాగా నల్లగా, శుభ్రంగా ఉంది. వెన్ను మాత్రం వెదురు బొంగులా ఒకటే కర్ర. తుంటి దగ్గరి కీళ్ళు రెండువైపులా అసలు కనపడలేదు, పూర్తిగా అతుక్కుపోయాయి.

ఫిల్మును దీపం పెట్టెకు తగిలించి చూస్తూనే ఆవిడ అడిగింది. "నొప్పి ఏ వయసులో మొదలైంది?"

ఆయన్ని ఆ ప్రశ్న అప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఊరి పేరు చెప్పాక ఇంక ఎవరికీ అవసరం పడలేదు.

బాబాయ్ చాలాసేపు నేల చూశాడు. ఆయన ఎప్పుడూ నేలే చూస్తాడు కాబట్టి ఆలోచిస్తున్నాడో భయపడుతున్నాడో నాకు తెలియలేదు. పిన్ని ఆయన తరఫున జవాబు చెప్పబోయింది. పెళ్ళయ్యాకేనమ్మా, మా ఊరొచ్చాక అంటూ ఉండగా ఆయన అడ్డొచ్చాడు.

"ఇరవై కూడా లేవమ్మా. జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసేటప్పుడు. పొద్దున్నే లేవలేకపోయేవాణ్ణి."

పిన్ని ఆయన వైపు తిరిగింది. డాక్టరు తల ఊపి రాసుకుంది. ఆమెకు అది వరసలో పడ్డ ఒక జవాబు మాత్రమే.

జబ్బు పేరు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అంది. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి కీళ్ళ మీద పడి, వాపు పుట్టించి, చివరికి అతికించేస్తుందని చెప్పింది. నీళ్ళతో సంబంధం లేదు. మొదట్లోనే మందు పడి ఉంటే చాలావరకు నిటారుగా ఉండేవాడా అని అడిగాను. ఉండే అవకాశం బాగా ఉండేదని, జరిగిపోయినదాని గురించి అంతకంటే చెప్పలేనని అంది. అతుక్కున్న ఎముకలు విడిపోవు. మెడ ఇంకా కాస్త తిరుగుతోంది, కంట్లో చూపుంది, ఆ రెండూ నిలబెట్టుకోవాలి. మందులు రాసింది. ఆఖర్న కుర్చీలోంచి లేచొచ్చి ఆయన మెడ వెనక వేలు పెట్టి చూపిస్తూ మా ఇద్దరికీ చెప్పింది.

"ఇది పడకూడదు. చిన్నగా పడినా విరుగుతుంది. పడితే తల పట్టుకుని ఎవరూ లేపకూడదు. తల ఎలా వంగి ఉంటే అలాగే, కింద దిండ్లు పెట్టి, కదలకుండా తీసుకురావాలి. ఇంట్లో వాళ్ళకీ, పనిచేసే చోట వాళ్ళకీ చెప్పి ఉంచండి."

తిరుగు బస్సు అద్దంకి దాటేదాకా పిన్ని కిటికీలోంచి బయటికే చూసింది. వాళ్ళిద్దరి వెనక సీట్లో నేను. ఆమె అడిగినప్పుడు గొంతు పెంచలేదు.

"చూపులకొచ్చిన రోజు కూడా నొప్పుందా?"

"ఉంది."

"మరి చెప్పలా?"

"చెప్తే ఇస్తారా?"

చాలా దూరం పోయాక మళ్ళీ ఆమే అంది. "మా నాయన పోయేముందు నీ చెయ్యి పట్టుకున్నాడు. మా నీళ్ళు నిన్ను పాడుచేసినయ్యి, క్షమించు నాయనా అని ఏడ్చాడు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తీసేసింది. "నువ్వు క్షమించావు."

  ఆమె ఏ బరువు గురించి మాట్లాడుతోందో నాకు తెలుసు. బాబాయ్ వాళ్ళమ్మ వేటపాలెం నుంచి వచ్చినప్పుడల్లా జీడిపప్పు పొట్లంతో పాటు తన నీళ్ళ సీసా తెచ్చుకునేది. మా ఊరి నీళ్ళు పెదవికి తాకించేది కాదు, ప్లాంటు నీళ్ళు కూడా. "మీ నీళ్ళు నా కొడుకుని తినేసినయ్యి," అని ప్రతిసారీ పిన్నితో అనేది. పిన్ని తల దించుకుని అన్నం వడ్డించేది. బాబాయ్ ఆ పక్కనే కూర్చుని ఆ అన్నం తినేవాడు.

మందులు పనిచేశాయి. నెల తిరక్కుండా పొద్దున పట్టేయడం తగ్గింది. ఒక ఆదివారం చర్చిలో, ఒళ్ళంతా తిప్పకుండా, ఆయన తల మాత్రం పక్కకు తిప్పి ఆడవాళ్ళ వరసల వైపు చూడటం నేను చూశాను. ఎన్నాళ్ళ తర్వాత తిరిగిన మెడో. పిన్ని పాటల పుస్తకంలోంచి తలెత్తలేదు. గుంటూరు నుంచి వచ్చాక ఆమె ఆయనకు వేళకు మందులిచ్చేది, కంట్లో చుక్కలు వేసేది. మాట్లాడేది కాదు.

ప్లాంటు దగ్గరకు వెళ్ళి, జబ్బు సంగతి పక్కన పెట్టినా పడితే ఎట్టా లేపాలో ఊళ్ళో నలుగురికైనా చెప్పమన్నాను. ఆయన అద్దంలో నన్ను చూశాడు.

"ఏరా ల్యాబు ఇంజనీరూ, పైపు కోసం మళ్ళీ ఆఫీసర్లు వస్తన్నారంట. తెలుసా?"

తెలుసన్నాను.

"ఇప్పుడు నాది నీళ్ళ నడుం కాదంటే, మిగతావాళ్ళయ్యి కూడా కాదంటారు. ఇన్నాళ్ళూ నన్ను చూపించే కదా అడిగింది. ముందు నీళ్ళు రానీ." టిన్ను నిండింది. మూత బిగించి పక్కకు జరిపాడు. "ఇంకోటుంది. ఇన్నాళ్ళూ ఊరందరితో పాటు వంగాననుకున్నారు. నేనూ అట్టాగే అనుకోడం నేర్చుకున్నా. ఇప్పుడు చూస్తే నేనొక్కణ్ణేనంట."

నీళ్ళొచ్చాక చెప్తాలే అన్నాడు. ఆ తర్వాత టిన్ను కోసం వచ్చిన ముసలమ్మ ఎప్పటిలాగే జీడిపప్పు పళ్ళోడా అని పిలిచింది. ఆయన అద్దంలోకి నవ్వాడు గానీ జవాబు చెప్పలేదు. గుంటూరు నుంచి వచ్చాక ఆ జవాబు ఆయన నోట నేను వినలేదు. వచ్చినవాళ్ళకు చొక్కా విప్పి పక్కకు నిలబడటం మాత్రం మానలేదు. ఫ్లెక్సీ మీది ఫొటో అప్పటిదే.

వానాకాలంలో ప్లాంటు ముందరి గచ్చు పాచిపట్టింది. టిన్ను జరుపుతూ కాలు జారి ముందుకు పడ్డాడు. టిన్నుల కోసం నిలబడ్డవాళ్ళలో ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. ఊరికి తెలిసిన పద్ధతిలోనే లేపారు. ఒకరు చంకల్లో చేతులు పెట్టి ఎత్తారు. ఇంకొకరు ఊపిరాడాలని గడ్డం కింద అరచెయ్యి పెట్టి తల పైకెత్తారు. పాపం, జాగ్రత్తగానే ఎత్తారట. పిన్ని కలుపు తీతకు పోయి ఉంది. ఆమె వచ్చేసరికి ఆయన్ని బెంచీ మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల బెంచీకి ఆనేలా అదిమి పట్టుకున్నారు, తిన్నగా ఉంటే హాయిగా ఉంటుందని. అప్పటికే కాళ్ళూ చేతులూ తెలియడం లేదన్నాడు.

పడ్డప్పుడు విరిగిందా, లేపినప్పుడు విరిగిందా అని ఒంగోలు ఆసుపత్రిలో అడిగాను. పడ్డప్పుడు విరిగి ఉంటుంది, లేపినప్పుడు నరం తెగి ఉంటుంది, కచ్చితంగా ఎవరూ చెప్పలేరు అన్నారు. నా వృత్తిలో ఏ నమూనాకైనా ఒక విలువ వస్తుంది. దీనికి రాలేదు.

ఆయన అక్కడ కొన్నాళ్ళు బతికాడు. మాట చాలా సన్నగా వచ్చేది. ఒక మధ్యాహ్నం పిన్ని ఆయన పెదాలు తడుపుతోంది. కళ్ళతో నన్ను దగ్గరికి రమ్మన్నాడు. చెవి పెట్టి వినాల్సి వచ్చింది.

"లేపినోళ్ళకి చెప్పమాక."

పిన్ని కూడా విన్నది. తడిగుడ్డ ఒకసారి ఆగి, మళ్ళీ కదిలింది. వాళ్ళ పెళ్ళిలో మొదటి దాపరికం ఆమెకు తెలియకుండా జరిగింది. ఈ రెండోది ఆమె చేతికే అప్పగించి పోయాడు.

శవపెట్టె చేసిన వడ్రంగి మూతను మామూలుకంటే ఎత్తుగా పెట్టాడు. పోయాక కూడా ఆయన తిన్నగా పడుకోలేదు. వేటపాలెం నుంచి వాళ్ళమ్మ వచ్చింది. సంచిలో నీళ్ళ సీసా ఉంది. పెట్టె పక్కన కూలబడి, ఊరందరి ముందూ, ఎప్పుడూ అనే మాటే అంది. ఈసారి అరిచి అంది. మీ నీళ్ళు నా కొడుకుని తినేసినయ్యే అని పిన్ని భుజాలు పట్టుకుని ఊపింది. వాకిట్లో నిలబడ్డవాళ్ళలో ఆయన్ని లేపిన ఇద్దరూ ఉన్నారు. ఒకడు ఏడుస్తున్నాడు.

నేను ఒకడుగు ముందుకు వేశాను. పిన్ని నా వైపు చూసింది. అంతే. ఆగిపోయాను. ఆమె అత్త చేతుల్లో అట్లాగే ఊగుతూ, "అవునత్తా," అంది.

సమాధి దగ్గర్నుంచి తిరిగొచ్చేసరికి ముసలామె గొంతు పూర్తిగా పోయింది. సీసా ఖాళీ అయింది. పిన్ని లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆమె పక్కన అరుగు మీద పెట్టింది. ముసలామె గ్లాసు వైపు చూసి ముఖం తిప్పుకుంది. చీరాల పోయే బండి వచ్చేదాకా ఎండిన పెదాలను కొంగుతో ఒత్తుకుంటూ అట్లాగే కూర్చుంది.

ఆమె వెళ్ళాక పిన్ని అరుగు మీద కూర్చుంది. గ్లాసులో నీళ్ళ మీద సన్నగా దుమ్ము పడి ఉంది. వేలితో దాన్ని పక్కకు తోసి, మొత్తం తాగేసింది.